పుల్ల జారిన చోట

ప్రియమైన అక్కకి,

ఫోన్ చేస్తే నేనొక్కణ్ణే వాగాలి, నువ్వు వినాలి. అందుకే ఈ ఉత్తరం. మన బ్యాండు రాక్ పాట గుర్తుందా? నువ్వు పాడింది, నేను డ్రమ్స్ వాయించింది, ఎవరూ కొననిది. అది బతికే ఉందే! ముందు కాలేజీ పిల్లలెవరో గిటారుతో మెల్లగా పాడారు. తర్వాత సబ్బు ప్రకటనలో దాని ముక్క దూర్చారు. ఇప్పుడొక డీజే అమ్మాయి డాన్స్ పాటగా మార్చేసింది. నిన్న సెలూన్‌లో సగం గడ్డంతో కూర్చుని విన్నాను. నా డ్రమ్స్ మొత్తం పీకేసి మిషన్ దరువు పెట్టింది, దాని దుంపతెగ! కానీ మధ్యలో నా చేతిలోంచి డ్రమ్ము పుల్ల జారితే నువ్వు పకపకా నవ్వావే, మళ్ళీ రికార్డు చేసే టైము లేక అలాగే వదిలేశామే, ఆ నవ్వు మాత్రం ఉంచింది. పాటంతా అదే తిరుగుతోంది. పంపనా?

నీ తమ్ముడు

ఒరేయ్ తమ్ముడూ,

పంపకు. ఆపరేషన్‌లో గొంతు పోయాక ఆ క్యాసెట్‌ని అటకెక్కించాను. ఇప్పుడు నవ్వితే మెడ దగ్గరి రంధ్రంలోంచి గాలి తప్ప ఏమీ రాదు. నా గొంతెలా ఉండేదో మనవరాలికి తెలియనే తెలియదు. పుండు మీద కారం చల్లకురా. ముందు ఆ మిగతా గడ్డం గీయించుకో.

అక్క

అక్కా,

సరే, పంపను. కానీ ఆ డీజే అమ్మాయి నన్ను వెతికి పట్టుకుంది. నవ్విన మనిషికి ఇష్టం లేకపోతే నవ్వు తీసేస్తానంది. "అది మా అక్క సొత్తు, ఆవిడే చెప్పాలి" అన్నాను. నాకైతే ఉంచమనే ఉంది. నువ్వు ఎలా అంటే అలాగే.

తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

తీసేయమనే రాశాను. పోస్టు చేద్దామని వెళుతూ, దారిలో మనవరాలి స్కూల్లో డాన్స్ రిహార్సల్ ఉంటే ఆగాను. స్పీకర్లో ఏదో దరువు. ఉన్నట్టుండి అందులోంచి నేను నవ్వాను! ఆ నవ్వు వచ్చినప్పుడల్లా పిల్లలంతా పొట్ట పట్టుకుని కలిసి నవ్వుతున్నారు. ఏడ్చేశానురా.

ఇంటికొచ్చి క్యాసెట్, పాత టేప్ రికార్డరు దింపించి మనవరాలికి ఆ పాట వినిపించాను. నవ్వు రాగానే నా గుండె మీద చెయ్యి వేసుకుని చూపించాను. "నానమ్మా, అది నువ్వా!" అంటూ మనవరాలు నా మెడకి చెవి ఆనించింది. అప్పట్నుంచి నేను చప్పుడు లేకుండా నవ్వితే చాలు, నా బదులు ఆ పిల్ల పకపకా నవ్వుతుంది. అచ్చం పాటలోలాగే. పక్కగదిలోంచి వింటే నేనే అనుకుంటావు.

ఆ ఉత్తరం చింపేశాను. ఆ డీజే అమ్మాయికి నవ్వు తీయొద్దన్నానని, చల్లగా ఉండమన్నానని చెప్పు.

నువ్వు పుల్ల సరిగ్గా పట్టుకుని ఉంటే ఈ ఇంట్లో నా నవ్వే వినబడేది కాదు. జార్చినందుకు నీ చేతికి ఒక ముద్దు.

నీ అక్క