ఆడవాళ్ల గేటు

ఆదివారం రాత్రి, జహీరాబాద్

అత్తమ్మను ఎట్టకేలకు హైదరాబాద్ తీసుకెళ్లి, పెళ్లైన కొత్తలో మామయ్యతో కలిసి సినిమాలు చూసిన పాత టాకీసు చూపించాను. ఇప్పుడక్కడ ఆటలు లేవు. పొద్దున పూట వెళ్లి అడిగితే వాచ్‌మన్ తాళం తీసి లోపలంతా తిప్పుతాడు. ఆ రోజుల్లో ఆడవాళ్లకు పరదా కట్టి వేరే సీట్లు, వేరే గేటు ఉండేవట. మొగుడూ పెళ్లాలైనా ఆట అయ్యాక బయటే కలుసుకోవాలట.

బయటికొచ్చాక అత్తమ్మ ఆ గేటు దగ్గర ఆగిపోయింది.

“బస్సుకు టైమైతుంది, పోదాం దా అత్తమ్మా.”

“జర ఆగు బిడ్డా. ఆడోళ్ల గేటు ముందుగాల తీస్తరు, మొగోళ్లది ఎనుక. మీ మామ ఇంక రాలే.”

మామయ్య పోయి నాలుగేళ్లు. అయినా “మామయ్య ముందే ఇంటికి పొయ్యిన్రు,” అన్నాను. చిన్నపిల్లలా వెంట నడిచింది. బస్సులో ఎంత హుషారుగా కబుర్లు చెప్పిందో!

ఇది ఇవాళే మొదలైందా, నేనే ఇన్నాళ్లూ చూసుకోలేదా? మా ఆయనకు ఏమని చెప్పను...

ఇంట్లో అడుగుపెట్టగానే ఒక్కో గదీ తిరిగి చూసింది. “మీ మామ యాడ బిడ్డా?” అంది.

ఇప్పుడు గడప దగ్గరే కూర్చుంది. తలుపు గడియ పెట్టనివ్వడం లేదు.