గుట్ట మీది పట్టా ముక్క

మానుకోట, 1949, బుధవారం రాత్రి

ఉదయం పది గంటలకు కమ్మరి కొమురయ్యను పోలీసులు పట్టుకున్నారు. రైలు పట్టాలు పీకాడని కేసు. రుజువు, వాళ్ల ఊళ్లో గంటలా మోగించడానికి వేలాడదీసిన ఒక పట్టా ముక్క.

అది మెయిన్ లైనుది కాదు. ఇనుపరాయి గని నడిచిన రోజుల్లో, గుట్ట నుంచి స్టేషను దాకా రాయి డబ్బాలు తోయడానికి వేసిన సన్న పట్టాల్లోది. గని మూతపడ్డాక కంపెనీయే వాటిని పీకి అమ్ముకుంది.

"కూలోళ్లను పిలువనీకి కంపెనీ దొరనే గా గంట కట్టిచ్చిండు సారూ. గిప్పుడు మా మెడకు సుట్టుకున్నది," అంది అతని భార్య మల్లవ్వ.

ఆ ముక్కను మెయిన్ లైను పట్టా పక్కన పెట్టి చూడమని ఇన్‌స్పెక్టర్‌ను అడిగాను. రైలు స్టేషను ఠాణాకు ఎదురుగానే ఉంది.

"పట్టా అంటే పట్టానే. ఇంచులు కొలుసుకుంట కూసుంటే మా నౌకరీ నువ్వు చేస్తవా?" అని నవ్వాడు.

ఇదంతా రాసి ఫోనులో మా పత్రికాఫీసుకు చదివాను. ఎడిటర్ గని సంగతి కొట్టేయించాడు. "పాత గని చరిత్ర ఎవరిక్కావాలండీ?" అన్నాడు. కొమురయ్యకు ఉన్న సాక్ష్యం ఆ చరిత్ర ఒక్కటే. అరెస్టు వార్త మాత్రం నా పేరుతో అచ్చవుతుంది.

రేపు పొద్దుటి బండిలో పత్రిక వస్తుంది. మధ్యాహ్నం బండిలో కొమురయ్యను వరంగల్ జైలుకు తీసుకుపోతారు.