మేనమామ పోలిక

ఏవండీ, కూర వేడి చేసుకుని తినండి. ఫోన్ ఇంట్లోనే మరిచారు, అందుకే ఈ చీటీ. నేను వదిన దగ్గరికి ఆసుపత్రికి వెళ్తున్నాను. నెలలు నిండకుండా పుట్టిన మీ మేనల్లుడు బుజ్జిగాడికి గుండె దగ్గర మూసుకోవాల్సిన చిన్న రక్తనాళం ఇంకా తెరుచుకునే ఉంది కదా. మందు పనిచేసిందో లేదో ఈరోజు స్కాన్‌లో తెలుస్తుంది. లేకపోతే ఆపరేషనే.

రోజూలాగే బీరువా, ఫ్రిజ్ బార్లా తెరిచి వెళ్లారు. “వాడిది మేనమామ పోలిక వదినా, తలుపు మూయడం రాదు” అని నిన్న అంటే, వాడు పుట్టాక మొదటిసారి వదిన నవ్వింది.

ఇంతవరకు రాసి చెప్పులు వేసుకుంటుంటే వదిన ఫోన్ చేసింది. స్కాన్ అయిపోయిందట, నాళం మూసుకుందట. ఏడుస్తూనే, “మీ ఆయన కంటే వీడే నయమే” అంది. ఫ్రిజ్ మూశాను. బీరువా అలాగే ఉంచాను, ఈరోజు ఏమీ అనను.