మగ్గాల వాడ నీళ్ల వంతు

జనవరి 9
మేయర్ కుర్చీ ఈసారి మహిళకు రిజర్వ్ అయింది. పొద్దున్నే ఫోన్ వచ్చింది. మున్సిపాలిటీ నాటి నుంచి, కార్పొరేషన్ అయ్యాక కూడా నేనే కూర్చున్న కుర్చీ. ఇప్పుడు లాటరీలో ఒక చిట్టీ తీసి లేవమన్నారు... అన్నం సహించలేదు.

జనవరి 11
మా ఆవిడ లక్ష్మిని నిలబెడదామన్నారు మనవాళ్లు. "పేరు వదినెది, పని నీది అన్నా. అంతట గిట్లనే నడుస్తాంది" అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఆమె మగ్గం దిగకుండానే విన్నది. "సంతకం పెడితే చాలు" అన్నాను.
"మస్తు సులువు జేసినవ్" అంది. అంతే.

ఫిబ్రవరి 16
గెలిచింది. కార్పొరేటర్లు ఆమెనే మేయర్‌గా ఎన్నుకున్నారు. దండలే దండలు. సంతోషమే — సంతోషమేనా?

ఫిబ్రవరి 20
ఆమె కుర్చీ పక్కన నాకో కుర్చీ వేయించాను. మీటింగులో మాట్లాడిందంతా నేనే. ఆమె ఫైళ్లు ముందేసుకుని కూర్చుంది. ఒక్కో కాగితం చదువుతోంది! అటెండర్ ఆవలించాడు.

ఫిబ్రవరి 24
ఇంట్లో రగడ. నన్ను అడక్కుండా పెట్టిన మొదటి సంతకం — నల్లా నీళ్లు వదిలే పట్టిక మీద. మా మగ్గాల వాడకు పదింటికి వచ్చే నీళ్లు ఇక పొద్దున ఆరింటికట. జడ్చర్ల రోడ్డు కాలనీలకు పదింటికట. ఆరింటి వంతు కాలనీలకిచ్చి, పదింటి వంతు మా వాడకు పెట్టింది నేనే. సొంత కులపోళ్లకు ముందు ఇచ్చుకున్నాడని ఎవడూ నోరెత్తకూడదని. ఇన్నేళ్లలో ఆ మాట పడలేదు. అదే నా గొప్ప.
"పదింటికి మగ్గం మీది నుంచి లేసి బిందెలు వట్టుకొని ఉరుకుడు. మళ్ల వచ్చి కూసుంటే చెయ్యి కుదరదు. నీకు మంచి పేరు, మాకు నడుం నొప్పి" అంది.
"ఒక్కనాడన్న చెప్పినవా?"
"నువ్వు ఒక్కనాడన్న అడిగినవా?"
కోపం వచ్చింది. సిగ్గు కూడా వేసింది. ఇక్కడైనా నిజం రాయాలి కదా.

ఫిబ్రవరి 25
కాలనీల వాళ్లు ఊరుకుంటారా... కుర్చీ ఎక్కిన వారానికే సొంతవాళ్లకు పెట్టుకుందని అనరూ? ఆ మాట పడేది నేనే. కాలు నిలవడం లేదు. వరండాలోకి, ఇంట్లోకి, మళ్లీ వరండాలోకి.

ఫిబ్రవరి 26
రేపటి నుంచే కొత్త వంతు. ఆమె స్నానానికి వెళ్లగానే వాల్వ్ తిప్పే మల్లయ్యకు ఫోన్ చేశాను. పదిహేనేళ్లుగా నా నోటి మాట మీద పని చేసిన మనిషి.
"పాత వంతే నడవనీ మల్లయ్యా. మేడమ్‌కు నేను చెప్త తియ్."
"మేయరమ్మను ఒక్కమాట అడిగి చేస్త సార్" అన్నాడు.
వద్దనేలోపే పెట్టేశాడు.
ఇప్పుడు ఆమె ఎదురుగా కూర్చుని జొన్నరొట్టె తింటోంది. ఫోన్ మోగుతోంది. చెయ్యి కొంగుకు తుడుచుకుని ఎత్తింది. "ఆ... చెప్పు మల్లయ్యా" అంటోంది. తల ఎత్తలేక రాస్తూనే ఉన్నాను.