బరువుకి పెట్టిన రాళ్లు

మామిడికుదురు,
ఫిబ్రవరి 9.

చిరంజీవి శారోన్‌ని ప్రభువు చల్లగా చూడాలని కోరుతూ అమ్మ రాస్తున్నది. ఇక్కడ క్షేమం. మర్యాదకి రాసిన మాట కాదు, నిజంగానే ఒంటికి ఏ లోటూ లేదు. వేళకు తింటున్నాను, డ్యూటీకి వెళ్తున్నాను, పసిపిల్లలకు టీకాలు వేస్తున్నాను. కలకత్తాలో నువ్వూ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఫోనులో నేను ఊఁ ఊఁ అని పెట్టేస్తున్నానని, అందుకే కాగితం మీద అడుగుతున్నానని, జవాబు కూడా కాగితం మీదే కావాలని రాశావు. మంచి పనే చేశావు. ఫోనులో నీ గొంతు వింటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవాలనిపిస్తుంది.

అడిగినవి వరసగా చెబుతాను. బీపీ బిళ్ల రోజూ వేసుకుంటున్నాను. ఊరందరికీ బిళ్లలు పంచే నర్సు తన బిళ్ల మరిచిపోతే నలుగురూ నవ్విపోతారు. వంటింటి మీద చిల్లుపడిన రేకు మార్పించాను. కొబ్బరి దింపు అయింది, ఈసారి కాయ చిన్నది. ఏడుస్తున్నావా అని అడిగావు. లేదు. నాన్నగారు పోయి ఆరు నెలలైంది, ఏడుపు ఒక్కసారీ రాలేదు. వీధిలోవాళ్లు మొదట్లో గట్టి మనిషి అన్నారు, ఇప్పుడు ఇంకో మాట అంటున్నారని తెలుసు. అననీ. పన్ను పీకేముందు మందు ఎక్కిస్తే బుగ్గ మనది కానట్టుంటుంది చూడు, నాకు ఒళ్లంతా అలా ఉంది. నొప్పి ఎక్కడో ఉందని తెలుస్తుంది, తగలదు.

ఇక నువ్వు మూడుచోట్ల అడిగిన మాట, రాయి సంగతి. నీ దగ్గరున్న సగంలో ముద్ర మాత్రమే పడిందని, ఎముకంతా రెండో సగానికే అంటుకుని ఉండిపోయిందని, అది చూడకుండా ఇది కొత్త జంతువని రాయలేమని మీ రీసెర్చి గైడుగారు అన్నారని రాశావు. రాయగలిగితే దానికి నాన్నగారి పేరు పెడతామన్నారని కూడా రాశావు. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను.

వేసవి సెలవులొస్తే తోటి మాస్టార్లు అత్తవారిళ్లకో ఊటీకో వెళ్లేవారు. మీ నాన్నగారు మణుగూరులో మీ ఎలీసమ్మ అత్తయ్య క్వార్టర్సులో దిగి, బొగ్గు తీసేటప్పుడు పక్కన పారబోసిన గుట్టల మీద సుత్తి పట్టుకుని ఎండలో తిరిగేవారు. ఇరవై రెండు వేసవులు. ఆ బొగ్గు ఒకప్పుడు చిత్తడి అడవి అని, ఆ నీళ్లలో కప్పలకు తాతలనదగ్గవి మొసళ్లంత ఉండేవని, డైనోసార్లకన్నా ముందువని, మన దేశంలో అవి దొరకడం బహు అరుదని అన్నం తింటూ చెప్పేవారు. దొరికేవి మాత్రం ఆకుల గుర్తులు. వాటినే గోనెసంచిలో మోసుకొచ్చి వరండా అరల్లో పేర్చేవారు. బొగ్గు గనికి వెళ్లి పొయ్యిలోకి పనికిరాని రాళ్లు తెచ్చిన మనిషి ఈయనొక్కరే అని నేను ఎన్నిసార్లు దెప్పానో నీకు తెలుసు.

కిందటేడాది ముందటి వేసవిలో ఆ నల్ల పలక రెండుగా విడిపోయి, లోపల చదును తల, పైకి చూసే కంటిగుంటలు కనిపించాయి. బస్సులో రాత్రంతా ఒళ్లో పెట్టుకుని వచ్చారు. ఒక సగం నీకిచ్చి, రెండోది తన పాత పంచెలో చుట్టి ఉంచుకున్నారు.

అది కనపడటం లేదని నీకు చెప్పాను. అటక మీద చూస్తున్నానన్నాను. తరవాత స్కూలుకి ఇచ్చారేమో అన్నాను. నువ్వు నమ్మి హెడ్మాస్టరు కేశవరావుగారికి ఫోను చేశావు. పాపం ఆయన ల్యాబు బీరువాలన్నీ దులిపించి, సాయంత్రం మనింటికొచ్చి, దొరకలేదండీ అని తనే తప్పు చేసినట్టు చెప్పి వెళ్లారు. అంతా అబద్ధం శారోన్. ఆ రాయి ఎక్కడుందో నాకు మొదటినుంచీ తెలుసు.

నాన్నగారిని పూడ్చిన రోజు వరదకి దారి మునిగి నువ్వు రావులపాలెంలో ఆగిపోయావు. కరెంటు లేదు, ఐసు పెట్టె దొరకలేదు, ఇక ఆపలేమని నేనే తొందరపెట్టాను. నాలుగడుగులు తవ్వేసరికి గోతిలో నీరు ఊరింది. బక్కెట్లతో తోడారు. పెట్టె దించితే తేలింది. తాళ్లతో లాగి పట్టుకుంటే కాళ్లవైపు మునిగి తలవైపు పైకి లేచింది. పాస్టరు నతానియేలుగారు పాట ఆపేశారు. ఊళ్లో ఉన్న ఇసుక బస్తాలన్నీ అప్పటికే ఏటిగట్టు మీదికి పోయాయి. మన సీమలో ఎంత తవ్వినా మట్టే కదా, రాయి ఎక్కడిది. సంఘపెద్ద జోజిగారు గొడుగు పట్టుకుని నా పక్కకొచ్చారు.

"ఏవనుకోకండమ్మా, బరువు లేందే పెట్టె కిందుండదండి. మాస్టారు తెచ్చిన రాళ్లున్నాయి కదండీ ఇంట్లో."

"ఆయ్, తెప్పించండి" అన్నాను.

ట్రాలీ ఆటోలో రెండుసార్లు తెచ్చారు. ఇరవై రెండు వేసవులూ ఒకటొకటిగా పెట్టె మీదికి దిగాయి. ఆఖరున ఒకాయన పంచె మూట విప్పి, గుడ్డ పక్కన పెట్టి, పలక చేతిలోకి తీసుకున్నాడు. పలకలోని తల నావైపే ఉంది. చూశాను. ఆగండి అన్న ఒక్కమాట చాలు. అనలేదు. నాన్నగారి మీద ప్రేమకొద్దీ ఆయనతోనే పోనీ అనుకున్నానని నువ్వు అనుకుంటావేమో, అదీ కాదు. వాన పడుతోంది, జనం తడుస్తున్నారు, ఇది త్వరగా అయిపోతే చాలనిపించింది. అంతే. ఆ రాయి పెట్టాక పెట్టె మళ్లీ లేవలేదు.

ఇంటికొచ్చాక తెలిసింది ఏం చేశానో. తెలిసినా ఏమీ అనిపించలేదు. నీకు చెబితే నువ్వు ఏడుస్తావని, నేను ఏడవకుండా వినాల్సి వస్తుందని భయపడ్డాను.

ఇంక దాచడానికి వ్యవధి లేదు. ఈస్టరు తెల్లవారుజామున అందరూ కొవ్వొత్తులతో సమాధుల దగ్గరికి వస్తారు, ఈలోగా సమాధి కట్టించాలి. ఇటుక దిగింది, మేస్త్రి వచ్చే వారం మొదలుపెడతానంటే ఆపాను. సిమెంటు పడితే ఇక తీయడం ఉండదు. ఇప్పుడు భూమిలో నీరు తగ్గింది. ఆ పలక తడిసి ఒక్కసారిగా ఆరితే పొరలు పొరలుగా రాలిపోతుందని నాన్నగారు అనేవారు. లోపల ఇంకా చెమ్మగానే ఉండి ఉంటుంది, బాగుందో లేదో చెప్పలేను. తడి గోనెగుడ్డలు సిద్ధం చేస్తాను.

పాస్టరుగారిని అడిగాను. "నిద్రపోతున్నవాళ్లని కదపడం ఎందుకమ్మా" అన్నారు.

"ఆయన్ని కదపమండీ. ఆయన మీద నేను పెట్టించింది తీసుకుంటానండి" అన్నాను.

చివరికి, మీ అమ్మాయి కూడా ఒప్పుకుని ఎదురుగా ఉంటే తీయిస్తామన్నారు. జోజిగారు కూడా సరేనన్నారు. నా మాట అడిగితే, తీయాలి. అది దిండుగా పెట్టుకోవడానికి ఆయన ఇరవై రెండేళ్లు ఎండలో తిరగలేదు. ఆయనే ఉంటే, నామీద బరువుకి అదే దొరికిందా నీకు అని నన్ను నిలేసేవారు. నువ్వు వద్దంటే మాత్రం వద్దు, ఇటుక కట్టించేస్తాను, ఆ విషయం మళ్లీ ఎత్తను.

ఒప్పుకుంటే నీ దగ్గరున్న సగం తీసుకుని రా. బురదలో అన్నీ ఒకలాగే ఉంటాయి, నేను పోల్చలేను. దానికి అతికేది ఏదో నువ్వే చూడాలి. మట్టి తీస్తే నాన్నగారి పెట్టె కనిపిస్తుంది, ఆ మాట ముందే చెబుతున్నాను. నీ పక్కనే నిలబడతాను.

రాయి దొరికినా దొరక్కపోయినా, మళ్లీ పూడ్చేటప్పుడు మొదటి గుప్పెడు మట్టి నువ్వు వెయ్యి. ఆ రోజు అందరూ వేశారు, నీ వంతు మిగిలిపోయింది. నువ్వు వేస్తుంటే చూస్తే నాకు ఏడుపొస్తుందేమో. రావాలని ఉంది తల్లీ.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
అమ్మ