అవతలి అంచు

గద్వాల,
మే 1938

ప్రియమైన మజీదుకు,

కురుమయ్య రాస్తున్నాను. నువ్వు రాయలేదని నేనూ, నేను రాయలేదని నువ్వూ మూతి ముడుచుకుని కూర్చుంటే ఏళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు అవసరం నాది కాబట్టి నేనే దిగివచ్చాను. నవ్వుకో.

మా శ్రీశైలం మెట్రిక్ ఫస్టు క్లాసులో పాసయ్యాడు. హెడ్మాస్టరు వాణ్ని పిలిచి హైదరాబాదు వెళ్లి యూనివర్సిటీలో సైన్సు చదవమన్నారట. సీట్లు తక్కువ, వచ్చేవాళ్లు రాజ్యం నలుమూలల నుంచీ వస్తారు. మార్కులు చూశాక పెద్దమనుషులు ఎదురుగా నిలబెట్టి ప్రశ్నలడిగి తేలుస్తారట. వనపర్తిలో నువ్వు ఏటా పిల్లల్ని తయారుచేసి పంపుతావని, వీడికి వస్తుంది, వీడికి రాదు అని ముందే చెప్పేస్తావని గద్వాల దాకా పేరు పాకింది. వీధి బడిలో ఎక్కాలు నా పలక చూసి రాసినవాడివి ఇంత పెద్ద మాస్టరువయ్యావు.

నా సంగతి నీకు తెలుసు. మా చీరకు నడుమ నూలు, రెండు పక్కలా పట్టు అంచు. ఇవతలి అంచు నేను చూసుకుంటే అవతలి అంచు పోగు మెలివేసి, నూలు మోసే నాడె తిప్పి పంపడానికి ఇంకో మనిషి కావాలి. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పక్క శ్రీశైలమే. బడికి ముందు కాసేపు, బడి నుంచి వచ్చాక చీకటి పడేదాకా. జోగులమ్మ కూర్చుందామంటే దానికి చూపు ఆనదు. గద్వాలలో ఎవరి మగ్గానికి వాళ్లకే మనుషులు చాలరు. వాడు వెళ్తే నా పట్టు అంచు చీర ఆగిపోయినట్టే.

అందుకని వాణ్ని నీ దగ్గరికి పంపుతున్నాను. నాలుగు రోజులు పెట్టుకుని చూడు. సీటు వచ్చేలా ఉంటే పంపిస్తాను, రాకుంటే మగ్గం మీద కూర్చుంటాడు. మొహమాటం లేకుండా చెప్పు. నేను ఏ జవాబు కోరుకుంటున్నానో నాకే తెలియడం లేదు.

అమీనా వదినకు నా దండాలు.

నీ జవాబు కోసం కాచుకుని ఉన్న
కురుమయ్య

*

వనపర్తి,
మే 1938

ప్రియమైన కురుమయ్యా,

నీకూ జోగులమ్మ వదినకూ సలాములు. ఎక్కాలు నీ పలక చూసి రాసిన మాట నిజమే. అందుకే ఏడో ఎక్కం ఇప్పటికీ నాకు తప్పుతుంది.

మీ వాడు క్షేమంగా చేరాడు. రైలు దిగి అంత దూరం ఎండలో నడిచే వచ్చాడు. ఎందుకురా అంటే, బండివాళ్లు ఎవరూ రమ్మని పిలవలేదన్నాడు. ఆ మాటకు అమీనాబీ నవ్వాపుకోలేకపోయింది. అన్నం దగ్గరా అంతే. "గీ పిలగాడు మీరు ముద్ద ముట్టుకుంటెగాని ముట్టుకుంటలేడు. ఇంత సిగ్గుంటె హైదరాబాదుల ఎట్ల బతుకుతడు?" అంటోంది.

లెక్కలు నాకన్నా చక్కగా చేస్తాడు. ఉర్దూ రాత చూస్తే కళ్లకద్దుకోవాలనిపిస్తుంది. అంతవరకూ నాకు ప్రాణం హాయిగానే ఉంది. తర్వాత వాణ్ని నిలబెట్టి, నేను కుర్చీలో కూర్చుని, హైదరాబాదు పెద్దమనిషిలా గొంతు మార్చి ప్రశ్నలడిగాను. నీళ్లు మరిగితే ఏమవుతాయిరా అన్నాను. నా ముఖం చూస్తాడు. నా చేతులు చూస్తాడు. నోరు మాత్రం తెరవడు. విసుగొచ్చి "ఆవిరి" అని నేనే మొదలుపెట్టగానే మిగతాదంతా గడగడా అప్పగించాడు. రోజూ ఇదే వరస. ఎంత సులువైన ప్రశ్న అడిగినా ఇదే వరస.

అక్కడ ఎవరూ వాడికి మాట అందించరు, కురుమయ్యా. నిరుడు నాగర్‌కర్నూలు వకీలు గారి కొడుకును పంపాను. మార్కుల్లో మీ వాడికి తీసిపోడు. జర తడబడ్డాడు, అంతే, తిప్పి పంపారు. ఇంటికొచ్చాక ఎవరికీ ముఖం చూపించలేదు. పంపినందుకు నేను ఇప్పటికీ బాధపడుతున్నాను. మీ శ్రీశైలానికి ఆ గతి పట్టనివ్వలేను.

మొహమాటం వద్దన్నావు. సీటు రాదు. పిల్లవాడు బంగారం, కానీ బుర్ర కదలడానికి ఎవరో తోయాలి. పంపకు. ఈ మాట రాయడానికి నా చేయి రాలేదు.

నీ మేలు కోరే
అబ్దుల్ మజీద్

*

గద్వాల,
జూన్ 1938

ప్రియమైన మజీదూ,

నీ ఉత్తరం చదవగానే నాకు ప్రాణం లేచివచ్చింది. నీతో కాకపోతే ఈ మాట ఎవరితో అంటాను? కొడుక్కు సీటు రాదంటే సంతోషించిన తండ్రిని నేనొక్కణ్నే అయ్యుంటాను. మాస్టరే వద్దన్నాక నాదేముంది అనుకున్నాను. వాడికి చెప్పాను. "సరె నాయినా" అన్నాడు. వెళ్లి అవతలి పక్క కూర్చున్నాడు.

నేస్తున్నాం. మధ్యలో కంట్లో చెమట పడితే తుడుచుకోవడానికి ఆగాను. వాడూ ఆగాడు. తలెత్తి చూశాను. చేతిలో నాడె పట్టుకుని నా చేతుల వైపే చూస్తున్నాడు. కావాలని నేను కదలలేదు. వాడూ కదలలేదు. ఎంతసేపు ఊరుకుంటే అంతసేపూ అలాగే ఉన్నాడు. అప్పుడు నీ ఉత్తరంలో ముక్క గుర్తొచ్చింది. నా చేతులు చూస్తాడు అని రాశావు కదా.

మజీదూ, వాడికి బుర్ర కదలక కాదు. అవతలి పక్క కూర్చున్నవాడు ముందుగా చేయి కదిపితే అంచు చెడిపోతుంది. చిన్నప్పుడు రెండుసార్లు కదిపితే వేళ్ల మీద కొట్టాను. "నా చెయ్యి చూసినంకనే నీ చెయ్యి లేవాలె" అని నేనే నేర్పాను. వాడు బుద్ధిమంతుడు కాబట్టి మగ్గం దిగాక కూడా అదే పాటిస్తున్నాడు. నువ్వు ప్రశ్న అడిగితే జవాబు తెలియక ఊరుకోలేదు. నువ్వు మొదలుపెడతావని చూశాడు.

ఇది తెలిశాక వాణ్ని అక్కడ కూర్చోబెట్టి నేయడం నా వల్ల కాలేదు. లేచి నా చోటు వాడికిచ్చి, వాడి చోట నేను కూర్చున్నాను. జోగులమ్మ చూసి, "ఏందయ్యా, ముసలోనికి కొత్త పని?" అని నవ్వింది. వాడు చేయి ఎత్తేసరికి పొద్దు సగం గడిచింది. మొదటి అంచు ముడతలు పడి చూడడానికి లేకుండా ఉంది.

పరీక్షకు ఇంకా వేళ ఉందా? నువ్వు చెప్పిన మాట ఇంకోసారి ఆలోచించు. వాణ్ని తూచినప్పుడు నా చేయి కూడా తక్కెడలో ఉంది.

ఏం తోచక నీ మీద భారం వేసిన
కురుమయ్య

*

వనపర్తి,
జూన్ 1938

ప్రియమైన కురుమయ్యా,

నీ ఉత్తరం అమీనాబీకి చదివి వినిపించాను. "చూసిన్రా, సిగ్గు గాదు, అదబు. పెద్దలంటె మర్యాద" అంది. సిగ్గని మొదట అన్నది తానేనని గుర్తు చేస్తే వంటింట్లోకి వెళ్లిపోయింది.

వేళ ఉంది. పిలుపు జూలైలో వస్తుంది. దరఖాస్తు నేను పంపాను, నిన్నడగకుండానే. నువ్వు వద్దన్నా పంపేవాణ్నేమో. చోటు మార్చి మంచి పని చేశావు, అలాగే సాగించు. మగ్గం మీదే కాదు, అన్నం దగ్గర ముందుగా చేయి పెట్టకు. బజారులో ముందుగా మాట్లాడకు. నువ్వు మాట్లాడకుండా ఉండడం నీకెంత కష్టమో నాకు తెలుసు.

ఇప్పుడు అడిగితే సగం సగం అంటాను. మొన్న రాదన్నవాణ్ని ఇవాళ సగం దాకా వచ్చాను, అంతకన్నా లాగకు.

ఒక సంగతి మాత్రం నీతో తేల్చుకోవాలి. ముందుగా కదలడం మరిగినవాడు మళ్లీ వచ్చి నీ అవతలి పక్క కూర్చోడు. అంచుకు మనిషి లేడని నువ్వే రాశావు. వాడు వెళ్తే నీ గతేమిటి? పిల్లవాడి సీటు కోసం నా స్నేహితుడి మగ్గం ఆగిపోతే ఆ పాపంలో నాకూ భాగం ఉంటుంది. దీనికి జవాబు రాసేదాకా వాణ్ని హైదరాబాదు తీసుకెళ్లను.

నీ గురించి రంధి పడుతున్న
మజీద్

*

గద్వాల,
జూలై 1938

ప్రియమైన మజీదూ,

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాం. మొదట్లో అన్నం ముందు పెట్టుకుని నేను వాణ్ని, వాడు నన్ను చూస్తూ కూర్చునేవాళ్లం. "తండ్రీ కొడుకులు గిట్ల గుడ్లప్పగించి కూసుంటె రొట్టె సల్లగైతది. నేను తింటున్న" అని జోగులమ్మ తినేసింది. ఇప్పుడు వాడే ముందుగా రొట్టె తుంచుతున్నాడు. ఇంకో రొట్టె కావాలని అడుగుతున్నాడు కూడా. ఇన్నాళ్లూ సగం కడుపుతో లేచేవాడేమోనని జోగులమ్మ ఒకటే పరేషాన్.

ముడతల చీర చూసి, మా చీరలు కొనే సాహుకారు, "ఏంది కురుమయ్యా, చేతులు వణుకుతున్నయా?" అన్నాడు. నేను పళ్లు బిగపట్టుకున్నాను. శ్రీశైలమే, "అది నేను నేసిన. గీసారి సక్కగ నేస్త, చూడున్రి" అన్నాడు. సాహుకారు వాడి గొంతు వినడం అదే మొదలట. తర్వాతి చీర నిజంగానే బాగా వచ్చింది. శ్రీశైలం నన్నే తప్పు పడుతున్నాడిప్పుడు. "నాయినా, జర జల్ది తిప్పు" అంటాడు. కోపం వస్తుంది, మింగేస్తాను.

అసలు సంగతి ఇది. మొన్న నేస్తూ నేస్తూ వాడే మొదలుపెట్టాడు. "నాయినా, నాకు పోవాలనున్నది. సదువుకోవాలనున్నది" అన్నాడు. నీకు ఉత్తరం రాశాను, హెడ్మాస్టరును అడిగాను, జోగులమ్మతో వాదించాను. వాణ్ని మాత్రం నీకు ఏం కావాలిరా అని ఎన్నడూ అడగలేదు మజీదూ. వాడంతట వాడు చెప్పేదాకా నాకు ఆ సంగతే తట్టలేదు.

ఇక నీ ప్రశ్న. ఆత్మకూరులో మా చెల్లెలి కొడుకు కురుమూర్తి ఊరికే ఉన్నాడు. శ్రీశైలం వెళ్లగానే వాడొచ్చి అవతలి పక్క కూర్చుంటాడు. నా మగ్గం ఆగదు. నువ్వు నిశ్చింతగా పిల్లవాణ్ని తీసుకెళ్లు.

వాణ్ని నీ చేతుల్లో పెడుతున్న
కురుమయ్య

*

వనపర్తి,
జూలై 1938

ప్రియమైన కురుమయ్యా,

ముందు జోగులమ్మ వదినను పిలిచి పక్కన కూర్చోబెట్టుకో. సీటు వచ్చింది.

మన వైపు నుంచి వెళ్లినవాళ్లలో వీడొక్కడికే వచ్చింది. నా పేరు నిలబడిందని వనపర్తిలో అందరూ అంటున్నారు. రాదని రాసిన ఉత్తరం నీ దగ్గరుంది, ఎవరికీ చూపించకు.

నేను బయట వసారాలో కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాను. లోపల ఏం జరిగిందో వాడే చెప్పాడు. లెక్కల ప్రశ్న పూర్తికాకముందే జవాబు మొదలుపెట్టాడట. "పూర్తిగా విను" అని ఒకాయన కసిరాడట. అప్పుడు నేను లోపలుంటే గుండె ఆగేది. వాడు మాత్రం విని, ఇంకోసారి మొదటి నుంచి చెప్పాడట. చివరికి ఒక ముసలాయన, "మీ తండ్రి నేతగాడు, నువ్వు ఆయనతో కూర్చుని నేసేవాడివి. నువ్విక్కడికి వస్తే ఆ చోట ఎవరు కూర్చుంటారు?" అన్నాడట.

మీ వాడి జవాబు ఉర్దూలో. మన మాటలో ఇదిగో: "నాకు తెల్వదు. నేను అడుగలె. అడిగితె నాకు పోబుద్ధి గాదు."

అంతటితో వాణ్ని పంపేశారట. వాడు నాతో ఈ మాట చెప్పి ముఖం అటు తిప్పుకున్నాడు. వాణ్ని పట్టుకుని నేనూ అక్కడే ఏడ్చాను, జనం చూస్తున్నా సరే.

కానీ కురుమయ్యా, వాడి మాట విన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఆత్మకూరు నుంచి మేనల్లుడు వస్తున్నాడని నాకు రాశావే, ఇంట్లో ఉన్న కొడుక్కు ఎందుకు చెప్పలేదు? అందుకే వాణ్ని హాస్టలులో చేర్చి వచ్చాను గానీ, కురుమూర్తి సంగతి మాత్రం ఎత్తలేదు. నిజం రాయి.

నీ జవాబు వచ్చేదాకా కుదురులేని
మజీద్

*

గద్వాల,
ఆగస్టు 1938

ప్రియమైన మజీదూ,

కురుమూర్తి రావడం లేదు. వాడికి అక్కడ సొంత కొట్టు ఉంది, మగ్గం ముఖం చూసి ఎన్నేళ్లయిందో. ఈ సంగతి శ్రీశైలానికి బాగా తెలుసు, అందుకే వాడితో ఆ అబద్ధం ఆడలేకపోయాను. నీకు తెలియదు కాబట్టి నీతో ఆడాను. లేకపోతే నువ్వు వాణ్ని తీసుకెళ్లనన్నావు. తిట్టుకో.

పట్టు పడుగు తీసేశాను. ఒంటి మనిషి నేసే నూలు చీరలు నేస్తున్నాను. సాహుకారు పెదవి విరిచాడు, అయినా తీసుకున్నాడు. తిండికి లోటు లేదు. అవతలి వైపు చూడకుండా నేయడం ఇంకా అలవాటు కాలేదు. ఒక్కోసారి చేయి ఆగిపోతుంది. జోగులమ్మ గమనించి ఏదో ఒక మాట కలుపుతుంది.

నువ్వు సీటు రాదని రాసినప్పుడు సంతోషపడ్డానని చెప్పాను కదా. వచ్చిందన్న రోజు ఇద్దరం కూర్చుని ఏడ్చాం. అందులో సంతోషమే ఎక్కువ. మిగతాది ఏమిటో నీకు చెప్పనక్కరలేదు.

వాడు ఉత్తరం రాశాడు. హాస్టలులో రొట్టెలు బాగాలేవట, కావలసినంత అడిగి పెట్టించుకుంటున్నాడట. మా చీరల సంగతి అడగలేదు. ఎందుకు అడగలేదో నువ్వు రాశాకే నాకు తెలిసింది. నేనూ రాయను.

నువ్వు కూడా చెప్పకు మజీదూ. అమీనా వదిన మీద ఒట్టు, నా మీద ఒట్టు. చెబితే వాడు మరుసటి రైలుకే వచ్చేస్తాడు. ఒకసారి పంపించాను, అది నా చేతనైంది. ఇప్పుడు వాడు వచ్చి గడపలో నిలబడితే, మళ్లీ పొమ్మనే ధైర్యం నాకు లేదు.

ఎప్పటికీ నీ
కురుమయ్య