ఒకే జత నల్లకళ్ళద్దాలు

అయ్యా,

విషయం: కళ్ళకలక ఇంకా రానందున సెలవు కోరుట గురించి.

తమ ఆఫీసులో సెలవుల రిజిస్టరు రాయు గుమస్తానగు నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. సోమవారము టైపు చేయు ఆమెకు కళ్ళకలక వచ్చినది. ఇది చూపు వల్ల అంటునని తమరు నిర్ణయించి, సర్క్యులర్ జారీ చేసి, ఒక జత నల్లకళ్ళద్దాలు కొనిపించిరి. ఒకటే జత అగుటచే ఆమె మాట్లాడునప్పుడు ఆమె, మేము మాట్లాడునప్పుడు మేము పెట్టుకొంటిమి. గురువారము నాటికి పదకొండు మందికి వచ్చినది.

2. సెలవు కావలసినవారు స్వయముగా వచ్చి నాకు కన్ను చూపవలెను. నేను ఆ అద్దాలు పెట్టుకొని, కన్ను పరీక్షించి, "ఎరుపు నిజమే" అని రాయవలెను. ఆ అద్దాలలోంచి ఎరుపు కనబడదు. అయినను రాయుచున్నాను.

3. వచ్చే శుక్రవారము మా అమ్మకు శుక్లాల ఆపరేషను. ఎనిమిది నెలలు ఎదురుచూడగా దొరికిన తేదీ. కంటి డాక్టరు గారు నాతో, "చూస్తే అంటదయ్యా. కంట్లో నీరు చేతికి, చెయ్యి వస్తువుకి, వస్తువు ఇంకొకరి చేతికి, అక్కణ్ణించి కంటికి. ఆవిడకి గాని అంటిందో, నేను ఆపరేషన్ చెయ్యను" అన్నారు. రోజుకు మూడుసార్లు అమ్మ కళ్ళలో మందు చుక్కలు వేయునది ఈ చెయ్యే.

4. ఈ సంగతి హెడ్ గుమస్తా గారికి విన్నవించగా, "డాక్టరు మన సర్క్యులర్ చదివాడా?" అని అడిగి, కారుతున్న కన్ను ఆఫీసు తువ్వాలుతో తుడుచుకొనిరి. సెలవు అడిగితే, "జబ్బేదీ? వచ్చాక రా, ఆ పూటే ఇప్పిస్తా" అనిరి.

5. అమ్మ ఇప్పుడు నన్ను అడుగుల చప్పుడుతోనే గుర్తుపడుతోంది. "కట్టు విప్పగానే ముందు నీ మొహం చూడాల్రా, ఎంత చిక్కిపోయావో ఏమో" అంటోంది. ఇది ఏ నిబంధన కిందికి వస్తుందో నాకు తెలియదు సార్.

కావున జబ్బు రాకమునుపే నాకు సెలవు ఇప్పించి, అద్దాలను బీరువాలో పెట్టి తాళము వేయించ ప్రార్థన. తమ చల్లని కళ్ళతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తెల్లకన్ను గుమస్తా

తా.క. ఈ అర్జీ మూడు రోజులకు తిరిగి వచ్చింది. కన్ను పరీక్షించిన ధ్రువీకరణ జతచేయలేదట.

ఈ ఉదయం నా ఎడమ కన్ను అంటుకుపోయి తెరుచుకోలేదు. అమ్మ లేవకముందే ఇంట్లోంచి బయటపడ్డాను. క్యాంపుకు వెళ్ళానని పక్కింటి అక్కతో చెప్పించాను. కొత్త చుక్కల సీసా కొనిచ్చాను, ఇక అక్కే వేస్తుంది. నాకిప్పుడు సెలవు వద్దు సార్. కన్ను తగ్గేదాకా రికార్డు రూములో పడుకోనివ్వండి, చాలు.

నిబంధన ప్రకారం నా ఎరుపును ధ్రువీకరించవలసింది ఆరోగ్యంగా ఉన్న ఉద్యోగి. అలాంటివారు ఇక తమరొక్కరే మిగిలారు. అద్దాలు ఇందుతో జతచేశాను. దయచేసి పెట్టుకోకండి.